మోగని హారన్

దారి అడిగినవాళ్ళకి దారి చెప్పడం తప్ప ఆ పెద్దాయన ఆ ఉదయం ఇంకే పాపమూ చేయలేదు.

లంపాంగ్ బజారులో కాఫీ కొట్టు ముందు కూర్చుని, నూనెలో వేయించిన పిండికాడల్ని కాఫీలో ముంచుకుని తింటున్నాడు. కస్టమ్స్‌లో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మరో వారంలో బ్యాంకాక్ మిలటరీ కోర్టులో నిలబడి, రాడార్ రహస్యాలను సముద్రం దాటిస్తున్న ముఠా గుట్టు విప్పాల్సిన మనిషి. ఎవరో టూరిస్టు వచ్చి బల్ల మీద మ్యాపు పరిచి, వేడినీటి బుగ్గలకు ఎటు వెళ్ళాలని అడిగారు. తెలిసినా తెలియకపోయినా ఏదో ఒక వైపు చెయ్యి చూపించడం అక్కడి మర్యాద. పెద్దాయన మ్యాపు అంచు పట్టుకుని వంగాడు. చీమ కుట్టినట్టుందని వేలు చప్పరించాడు. టూరిస్టు నవ్వి, దణ్ణం పెట్టి, వెళ్ళిపోయారు. కప్పులో కాఫీ చల్లారేలోపే పెద్దాయన ఒళ్ళు చల్లబడింది.

కొట్టువాడిని ఎంత అడిగినా లాభం లేకపోయింది. అడవులు తగలబెట్టే కాలం. ఉత్తరాది అంతా పొగ. ప్రతి ముఖానికీ మాస్కు, ప్రతి కంటికీ నల్లద్దాలు. ఆడో మగో కూడా వాడు చెప్పలేకపోయాడు.

ఆ హంతకుడికి గూఢచారి డిపార్ట్‌మెంట్ పెట్టిన కోడ్ పేరు 'టూరిస్ట్'.

"ఇక మిగిలిన సాక్షి ఒక్కతే," అన్నాడు రెండు రోజుల తర్వాత కర్నల్ వసిన్.

చియాంగ్ మై శివార్లలో టైర్లు మార్చే షాపు వెనక గది అది. బయట కంప్రెసర్ మోత. లోపల కర్నల్ ఎదురుగా నిలబడ్డవాడు ఏజెంట్ సంగాద్. నలభై దాటిన వయసు, నెరిసిన మీసం. ఆ ఒక్కతే ఎవరో అతనికి తెలుసు. అతని చెల్లెలు బుసబా. మూడేళ్ళు ఆ ముఠాలో వైర్‌లెస్ ఆపరేటర్‌గా నటించి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బయటపడింది. ఇప్పుడు మే హాంగ్ సాన్‌లో ఒక ఇంట్లో దాక్కుని ఉంది. పొగవల్ల విమానాలు ఆగిపోయాయి. ఆమెను తీసుకురావాల్సిన ఆర్మీ కాన్వాయ్ రేపటికిగాని అక్కడికి చేరదు.

"టూరిస్ట్‌కీ విమానం లేదు," అన్నాడు కర్నల్. "రోడ్డు మీదే రావాలి. ఈ రోజు పది గంటల వ్యానులో సీటు బుక్కయింది."

"మా చెల్లెలు ఆ ఊళ్ళో ఉన్నట్టు వాళ్ళకెలా తెలిసింది సార్?"

కర్నల్ సిగరెట్ వెలిగించుకున్నాడు. "నేనే చెప్పించాను."

కంప్రెసర్ మోత ఆగింది. మళ్ళీ మొదలైంది.

"ఎర లేకుండా చేప రాదు సంగాద్. నీకు చెబితే ఒప్పుకోవని చెప్పలేదు. ఇప్పుడు కోపం తెచ్చుకుంటావో, స్టీరింగ్ పట్టుకుంటావో నీ ఇష్టం."

మిగతా బ్రీఫింగ్ నిమిషాల్లో అయిపోయింది. వ్యానులో నలుగురు ప్రయాణికులు, నలుగురూ విదేశీయులు. అందర్నీ అరెస్టు చేస్తే సాయంత్రానికి ఎంబసీలన్నీ గగ్గోలు పెడతాయి, ముఠా జాగ్రత్తపడుతుంది. అందుకని ఒక్కరే పోవాలి, అదీ యాక్సిడెంట్‌లా పోవాలి. ఆ దారిలో లోయలకు కొదవ లేదు. ఆ ఒక్కరూ ఎవరో చెప్పడానికి వ్యానులోనే మన మనిషి ఉంటుంది. పేరు ఇవోన్ టే. ముఠా సింగపూర్ ఆఫీసులో పనిచేస్తూ ఏడాదిగా మనకు వార్తలు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్. ఆమె వైర్‌లెస్ సందేశాలు తప్ప ముఖం ఎవరూ చూడలేదు.

"ఈ దేశంలో అడుగు పెట్టడం ఆమెకిదే మొదలు," అన్నాడు కర్నల్. "మిరపకాయ ఘాటుకే తుమ్ముతుందట. జాగ్రత్తగా చూసుకో."

"ఆమె పొరబడి వేరే మనిషిని చూపిస్తే?"

"అప్పుడు ఇంకొకర్ని కూడా తోయాల్సి వస్తుంది," అన్నాడు కర్నల్, బూడిద దులుపుతూ.

వ్యాను బయల్దేరింది. సంగాద్ తలకి వెలిసిన టోపీ, భుజం మీద గళ్ళ తువ్వాలు. అద్దానికి వేలాడే తాయెత్తుల గుత్తిలో ఒకటి మైకు, ఒకటి స్పీకరు. బుసబా ఇంటి గుమ్మం దగ్గర కాపలా ఉన్న సార్జెంటు వైర్‌లెస్‌కి నేరుగా లైను. కొండల్లో సెల్ ఫోన్లు చచ్చిపోయినా అది పలుకుతుంది.

ముందు సీట్లో హెండ్రిక్ అనే డచ్చి ముసలాయన. రోటర్‌డామ్‌లో ట్రామ్ నడిపి రిటైరయ్యాడు. మధ్యలో కొత్తగా పెళ్ళయిన కొరియా జంట, ఒకరి భుజం మీద ఒకరు. చివరి సీట్లో ఇవోన్ టే. మాస్కు తీసినప్పుడు ఎవరైనా ఇంకోసారి చూసే ముఖం. తెల్ల సిల్కు చొక్కా, మెడలో పచ్చ స్కార్ఫు. ఎక్కీ ఎక్కగానే చెప్పులు విప్పి, రెండు కాళ్ళూ ఎత్తి ముందు సీటు మీద పెట్టింది. ఈ దేశంలో పుట్టినవాళ్ళెవరూ చచ్చినా చేయని పని. సంగాద్ అద్దంలో చూసి, పరాయి దేశం పిల్లే అనుకున్నాడు.

ఊరు దాటాక మొదటి మలుపులో ఎదురు లారీకి సంగాద్ హారన్ కొట్టాడు. హెండ్రిక్ ఉలిక్కిపడ్డాడు.

"ముప్పయ్యేళ్ళు ట్రామ్ నడిపాను," అన్నాడు. "గంట కొట్టింది వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మీరేమిటయ్యా, ఊపిరి పీల్చినంత తేలిగ్గా కొడతారు?"

"మలుపులు సార్. అవతల ఎవరున్నారో కనపడదు."

"నెమ్మదిగా వెళ్తే కనపడుతుంది."

అప్పటినుంచి హారన్ మోగినప్పుడల్లా ముసలాయన నాలుక చప్పరిస్తూనే ఉన్నాడు. ఎదురు బండి లైట్లు వెలిగించి ఆర్పితే మనకు దారి ఇస్తున్నాడనుకుని చెయ్యి ఊపాడు. అది దారి ఇవ్వడం కాదు, నేనొస్తున్నాను తప్పుకో అనడమని సంగాద్ చెప్పేలోపే ఆ బండి అద్దం రాసుకుంటూ దూసుకుపోయింది.

సగం దారిలో కాఫీ కోసం ఆపాడు. హెండ్రిక్ బాత్రూమ్‌కి వెళ్ళాడు. కొరియా జంట ఫొటోల్లో మునిగింది. ఇవోన్ నడుచుకుంటూ వచ్చి వ్యానుకి ఆనుకుని నిలబడింది.

"ఎర్ర అరటిపళ్ళు ఎక్కడ దొరుకుతాయి అంకుల్?"

"వానలు పడితే దొరుకుతాయమ్మా."

"వానలు ఎప్పుడు పడతాయి?"

"పొగ తగ్గాక."

కోడ్ సరిపోయింది. ఆమె సంచిలోంచి మడత పెట్టిన రోడ్డు మ్యాపు తీసింది. హెండ్రిక్ దిగగానే అతని సంచిలోంచి తీశానని గొంతు తగ్గించి చెప్పింది. మ్యాపు కుడివైపు అంచు మడతలో, చర్మానికి ఆనితే తప్ప తెలియని సూది. దాని వెనక బియ్యపుగింజంత విషపు గొట్టం. అవతలివాళ్ళు కుడివైపు పట్టుకునేలా అందించాలి. తను మాత్రం ఎడమ పైమూల పట్టుకోవాలి. ఆ మూల భద్రమని చూపించి, సాక్ష్యంగా ఉంచమని మ్యాపు సంగాద్ చేతిలో పెట్టింది.

"లంపాంగ్ పెద్దాయనని చంపింది ఇదే," అంది. "ముసలాడని జాలిపడకు అంకుల్. మీ సాక్షి ఎవరో ఆడపిల్లట కదా. సాయంత్రం టీ వేళకి ఆమె గుమ్మంలో నిలబడి దారి అడుగుతాడు."

బుసబా గురించి సంగాద్‌కి బాగా తెలుసు. ఎవరైనా దారి అడిగితే చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తి చూపించే రకం.

తర్వాత వచ్చే వ్యూ పాయింట్‌లో పని ముగించాలని అనుకున్నారు. అక్కడ అంచుకి రెయిలింగ్ లేదు. ముసలాయనకి ఫొటోల పిచ్చి ఎలాగూ ఉంది.

మళ్ళీ ఎక్కారు. దారి పైకి, ఇంకా పైకి. సంగాద్ చూపు రోడ్డు మీద ఉంది, మనసు మాత్రం పక్కన కూర్చున్నాయన వీపు మీద ఉంది. సన్నటి వీపు. ఒక్క తోపు చాలు. ఆయన వాటర్ బాటిల్ మూత రాకపోతే ఇందాకే తను తీసిచ్చాడు. ఆ నీళ్ళే తాగుతూ ముసలాయన ఏదో డచ్చి పాట గొణుక్కుంటున్నాడు. సంగాద్ ఎడమ చెయ్యి గేరు మీద ఉంది, కుడి చెయ్యి స్టీరింగ్‌ని పగలగొట్టేంత గట్టిగా పట్టుకుంది.

అలా ఆలోచిస్తూనే కొండదేవర గుడి మలుపు దాటేశాడు.

దాటాక గుర్తొచ్చింది. ఆ మలుపులో చిన్న గుడి, చుట్టూ భక్తులు తెచ్చిపెట్టిన సిమెంటు జీబ్రాలు, స్ట్రా గుచ్చిన ఎర్ర సోడా సీసాలు. ఆ దారిన స్టీరింగ్ పట్టినవాడెవడూ అక్కడ మూడుసార్లు హారన్ కొట్టకుండా పోడు. బండిలో కూర్చున్నవాళ్ళు చేతులు జోడించకుండా ఉండరు. సంగాద్ తండ్రి లారీ డ్రైవరు, తాత ఎద్దుబండి తోలినవాడు. హారన్ లేని తాత కూడా అక్కడ గొంతెత్తి కూతపెట్టేవాడట. వాళ్ళ ఇంట్లో ఆ దేవరకు మొక్కకుండా వెళ్ళిన మొదటి మనిషి తనే. అదీ ఓ మనిషిని చంపడానికి వెళ్తూ.

ఎవరైనా గమనించారా అని అద్దంలోకి చూశాడు. హెండ్రిక్ పాటలో ఉన్నాడు. కొరియా జంట నిద్రలో ఉంది.

చివరి సీట్లో ఇవోన్ టే చేతులు జోడించి నుదుటికి ఆనించుకుని ఉంది.

ఒక్క క్షణమే. వెంటనే ఆ చేతులు విడిపోయి నల్లద్దాలు సర్దుకున్నాయి. కాళ్ళు మాత్రం సీటు మీంచి దిగిపోయి, నేల మీద బుద్ధిగా పక్కపక్కనే ఉన్నాయి.

ఈ దేశంలో అడుగు పెట్టడం ఆమెకిదే మొదలు.

సంగాద్ తొందరపడలేదు. పుస్తకంలో చదివి ఉండచ్చు. ఎదురుబండివాడు మొక్కితే చూసి ఉండచ్చు. కొండ మీద ఇంకో చిన్న గుడి ఉంది, చెట్టు మొదట్లో, రంగుగుడ్డలు చుట్టి. పరాయివాళ్ళు తేరిపార చూసినా కనిపించదు. ఈసారి కావాలనే హారన్ ముట్టుకోలేదు. చూపు అద్దం మీదే పెట్టాడు. గుడి రాకముందే ఆమె తల అటు తిరిగింది. హారన్ మోగలేదు. ఆమె బొటనవేలు కిటికీ అంచుని మూడుసార్లు నొక్కింది.

అసలు ఇవోన్ టే ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో ఊహించుకోవడానికి సంగాద్‌కి ఎక్కువసేపు పట్టలేదు.

వ్యూ పాయింట్‌లో అందరూ దిగారు. టైరు చూసుకోవాలని చెప్పి సంగాద్ వెనక ఉండిపోయాడు. పట్టకారుతో మ్యాపు కుడి అంచులోంచి సూదినీ గొట్టాన్నీ ఊడదీశాడు. ఎడమ పైమూల మడతలో పెట్టి టేపు అంటించాడు. చేతులు వణకలేదు. వణికితే తనే పోతాడు.

లోయ నిండా పొగ. హెండ్రిక్ అంచున నిలబడి కెమెరాతో ఇంకా ముందుకి వంగుతున్నాడు. సంగాద్ వెనక నిలబడి అతని వీపు మీద చెయ్యి వేశాడు. చొక్కా కింద వెన్నుపూసలు చేతికి తెలుస్తున్నాయి. నాలుగడుగుల దూరంలో ఇవోన్. ఆమె చూపు సంగాద్ చేతి మీదే ఉంది.

ఓ దణ్ణాన్ని నమ్ముకుని చెల్లెలి ప్రాణం పందెం వేయచ్చా? ఆమె నిజంగా మన మనిషే అయితే? ఈ ముసలాయనే హంతకుడైతే? తోస్తే ఒక తప్పు, తోయకపోతే ఇంకో తప్పు. వీపు మీద చెయ్యి బరువెక్కింది. హెండ్రిక్ పాదం కింద గులకరాయి జారి లోయలోకి దొర్లింది.

సంగాద్ అతని కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు. "అంత అంచుకి వద్దు సార్. ఈ లోయలో పడ్డ టూరిస్టులు ఇప్పటికే ఎక్కువయ్యారు."

తర్వాత ఆమె వైపు తిరిగాడు. ఇక్కడ జనం ఉన్నారనీ, కిందికి దిగాక చూద్దామనీ గొణిగాడు. "మీ వస్తువు మీ దగ్గరే ఉండనివ్వండమ్మా," అని మ్యాపు చాచాడు.

ఆమె ముఖంలో చిరాకు. చూపు ఇంకా ముసలాయన మీదే ఉంది. మ్యాపు వైపు చూడకుండానే చెయ్యి చాపింది. రెండువేళ్ళూ తిన్నగా ఎడమ పైమూలకి వెళ్ళాయి, సొంత ఇంటి గొళ్ళెం మీదకి వెళ్ళినట్టు. ఇందాక ఒక్కసారి చూసిన వస్తువును ఎవరూ అంత అలవాటుగా పట్టుకోరు.

సంగాద్‌కి మిగిలిన అనుమానం అక్కడితో తీరిపోయింది. ఆమెకి కూడా.

వేలు వైపు చూసుకుంది. రక్తపు చుక్క. మ్యాపు పారేయబోయి ఆగింది. పారేసి లాభం లేదని ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. సంగాద్ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, కళ్ళు తిరుగుతున్న ప్రయాణికురాలిని నడిపించినట్టు వ్యాను దాకా నడిపించి చివరి సీట్లో కూర్చోబెట్టాడు. కాళ్ళు అప్పటికే మొద్దుబారాయి.

"ఎలా..." అంది.

"గుడి."

ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచాక మాట్లాడింది ఇంగ్లీషు కాదు, ఉత్తరాది కొండల యాస. "మా అమ్మ నేర్పింది అన్నా. ముద్ద కన్నా ముందు దణ్ణం నేర్పింది."

"సింగపూర్ పిల్ల ఏది?"

"హోటల్ గది మంచం కింద. కోడ్ మొత్తం చెప్పేదాకా గోళ్ళు పీకాను. బతికినన్నాళ్ళూ మీకోసమే బతికింది, మంచి పిల్ల." గొంతులో జాలి లేదు, గొప్పా లేదు. "చేతులు లేవట్లేదు అన్నా. దేవరకి సరిగ్గా మొక్కలేదు. వెనక్కి తిప్పి ఒక్కసారి హారన్ కొట్టు."

"నీతో ఇంకెవరున్నారు?"

ఆమె పెదాలు బిగించింది. సంగాద్ వాచీ చూసుకున్నాడు. తనకేం తొందర లేనట్టు తువ్వాలుతో ఆమె నుదుటి చెమట తుడిచాడు.

"చెబితే కొడతాను. చెప్పకపోతే ఈ కొండల్లో ఎన్ని గుడులున్నాయో అన్నిటి ముందునుంచీ నిన్ను మూగగా తీసుకెళ్తాను. ఏ దేవరకీ నువ్వొచ్చినట్టు తెలియదు."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతను చాలామందిని కొట్టాడు. ఇంత లోతుగా తగిలిన దెబ్బ ఇంకొకటి లేదు. ఆమె కళ్ళలో మొదటిసారి భయం కనిపించింది.

"టూరిస్ట్ అంటే ఒకళ్ళం కాదు," అంది. "ఇద్దరం. వాడు నిన్ననే బైకు మీద వెళ్ళాడు. నేను మిమ్మల్ని దారిలో ఆపడానికే. వాడు... ఈపాటికి గుమ్మంలో..."

సంగాద్ ముందు సీట్లోకి దూకి తాయెత్తు నొక్కాడు. స్పీకరు గరగరలాడింది. సార్జెంటు పలకలేదు. గుమ్మం దగ్గర పెట్టిన అతని వైర్‌లెస్ మాత్రం తెరిచే ఉంది. కోడి అరుపు. మోటారుబైకు ఆగిన చప్పుడు. తర్వాత ఒక మగగొంతు, మర్యాదగా, ఇంగ్లీషులో, వేడినీటి బుగ్గలకి ఎటు వెళ్ళాలని.

"అటు కాదు, ఇటు రండి, చూపిస్తాను." బుసబా గొంతు. దగ్గరవుతున్న అడుగులు. కాగితం విప్పిన చప్పుడు.

"బుసబా, ముట్టుకోకు," సంగాద్ గొంతు చించుకున్నాడు. "మ్యాపు ముట్టుకోకు."

ఏదో కిందపడింది. తర్వాత తుపాకీ పేలింది. ఒకసారి, ఆగి ఇంకోసారి. కోళ్ళు గోలపెట్టాయి. సంగాద్ తాయెత్తుని పట్టుకుని ఉండిపోయాడు.

"అన్నయ్యా," అంది స్పీకరు. "సార్జెంటు బాబాయ్ పెరట్లోంచి వచ్చి కాల్చాడు. నాకేం కాలేదు. వేలంత దూరంలో ఆగాను."

"బుగ్గలు ఎటో నీకెప్పుడు తెలుసే?"

"తెలీదు. అయినా ఏదో ఒక వైపు చూపించాలి కదా పాపం, అంత దూరం వచ్చాడు."

సంగాద్ నవ్వబోయాడు. రాలేదు. వెనక్కి తిరిగి చూశాడు. చివరి సీట్లో ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి, అద్దంలోంచి వెనకదారి వైపు. చూపు మాత్రం ఆగిపోయింది. ఒళ్ళో రెండు అరచేతులూ ఒకదానికొకటి జానెడు దూరంలో పడి ఉన్నాయి.

నల్లద్దాలు పెట్టాడు. స్కార్ఫు కప్పాడు. సీటుబెల్టు బిగించాడు.

మిగతావాళ్ళు ఎక్కారు. మలుపులు పడక మిస్ నిద్రపోయిందని చెప్పాడు. కొరియా పెళ్ళికూతురు జాలిపడి, తన మెడదిండు తెచ్చి ఆమె మెడ కింద సర్దింది. చెయ్యి చల్లగా ఉందని ఏసీ తగ్గించమంది. సంగాద్ తగ్గించాడు.

ఇచ్చిన మాట గుర్తుంది. గుడి వెనక ఉంది, దారి ముందుకి ఉంది. గోళ్ళు పీకించుకుని మంచం కింద పడున్న సింగపూర్ పిల్ల కోసం ఎవరూ ఎక్కడా హారన్ కొట్టలేదు. అతను బండి వెనక్కి తిప్పలేదు.

దిగువకి దిగే దారిలో ఇంకో దేవర గుడి వచ్చింది. సంగాద్ అరచెయ్యి దానంతటదే హారన్ మీద పడింది. ఒకటి, రెండు, మూడు. మాట ప్రకారం కాదు, అలవాటు ప్రకారం. కొండలన్నీ మారుమోగాయి.

సాయంత్రం మే హాంగ్ సాన్‌లో చెరువు పక్కన హెండ్రిక్ దిగాడు. సంచి భుజానికి తగిలించుకుని, ఎండకి కందిన ముఖంతో చెయ్యి కలిపాడు. మధ్యాహ్నం తన వీపు మీద వాలిన చెయ్యి అదేనని ఆయనకి తెలియదు.

"బండి బాగా నడుపుతావయ్యా," అన్నాడు. "ఒక్కటే లోపం. అనవసరంగా హారన్ కొడతావు. దానివల్ల ఎప్పుడో ఒకరోజు ఎవరి ప్రాణం మీదకో వస్తుంది."